స్టాండు ఎవరి ఎత్తుకి?

(కట్టెల అడితి పెరడు. నేలమీద కట్టెలు చీల్చే మిషను నడుస్తోంది. దాని ముందు అక్క. ఇనుము దింపుకుంటూ వెల్డింగు పనిచేసే తమ్ముడు. కాస్త ఎత్తున, కుర్చీలో బావ.)

"ఆపక్కా, ముందు ఆ మిషను ఆపు. నీ మాట నాకు వినపడదు, నా మాట నీకు వినపడదు."

"ఈ దుంగ అయిపోనీరా."

"అది అయిపోతే ఇంకోటి ఉంటుంది. ఆపు."

"ఆపితే సాయంత్రం రొట్టెల బట్టీవాడికి నువ్వు చెప్తావా సమాధానం? ఉండు. ఇదిగో, చీలింది. ఆఁ, ఇప్పుడు చెప్పు. వచ్చే వారం వచ్చేసిందా?"

"ఏ వచ్చే వారం?"

"వచ్చే వారం వచ్చి ఈ మిషనుకి స్టాండు చేసిస్తానక్కా అన్నావు చూడు, కిందటేడు వానలకి ముందు. ఆ వచ్చే వారం."

"రాగానే మొదలెట్టావా. పనులు మీద పడ్డాయక్కా. ఒకడి గేటు, ఒకడి మెట్లు, ఇంకొకడి కిటికీ ఊచలు..."

"అవునులే. వాళ్ళవైతే తుప్పు పడతాయి. అక్క నడుం ఇనుము కాదుగా, ఎన్నాళ్ళున్నా ఏం కాదు."

"ఇప్పుడొచ్చానా లేదా? ఇనుము తెచ్చా, వెల్డింగు సామాను తెచ్చా, నన్ను నేను తెచ్చుకున్నా. ఇంకేం కావాలి?"

"నీకు మంచినీళ్ళు కావాలి. మొహం చూడు, ఎలా ఎండిపోయిందో."

"నీళ్ళు నేను తాగుతాలే. నువ్వు ముందు కూర్చో. ఆ మొద్దుమీద కూర్చో, ఊపిరి తీసుకో."

"కూర్చున్నానురా. చాలా?"

"ఏవోయ్ బామ్మర్దీ, నేనూ ఒకణ్ణి ఉన్నానిక్కడ. పలకరింపులన్నీ మీ అక్కకేనా?"

"నువ్వు అంత ఎత్తున కూర్చుంటే కిందున్నవాళ్ళకి ఎలా కనపడతావు బావా? ఏమిటా గద్దె? కొత్తగా కట్టించావా?"

"కట్టించలేదు. కట్టాను. ఈ చేతుల్తోనే."

"దేనికి?"

"మిషనుకి. నువ్వు రాకపోతే లోకం ఆగిపోతుందా? ఇటుకలు తెప్పించి, సిమెంటు కలిపి, గద్దె లేపి, మిషను దానిమీదికి ఎక్కించాను."

"మరి మిషను కిందుందేం? కుర్చీ పైనుందేం?"

"అదీ... గాలి బాగా వస్తుందని."

"మిషనుకా?"

"నేను చెప్తా వినరా. మీ బావగారు గద్దెకి కొలత తీసుకున్నారు. ఎందాకా తీసుకున్నారో అడుగు."

"ఎందాకా బావా?"

"నడుం దాకానోయ్. నడుం ఎత్తులో ఉంటే వంగక్కర్లేదని ఫోన్లో ఎవరో చక్కగా చూపించాడు. అచ్చం అలాగే, నడుం దాకా."

"గద్దె నడుం దాకా. ఆ గద్దెమీద మళ్ళీ మిషను. దుంగ పెట్టే పట్టె ఎక్కడికొచ్చిందో తెలుసారా? ఆయనకి గడ్డం దగ్గరికి."

"మిషను ఎత్తు కలపలేదా బావా?"

"దానికి ఎత్తేమిటోయ్. పడుకునుండే మిషనే కదా అనుకున్నా."

"పడుకున్నదానికి కూడా మందం ఉంటుందిగా."

"ఎక్కించాక తెలిసింది."

"దానిమీద ఒక్క దుంగ పెట్టాలంటే, ముందు నేను ఇంకో దుంగ ఎక్కాలి. ఎక్కి, దీన్ని నెత్తిదాకా లేపి, అక్కడ పెట్టి, మళ్ళీ దిగి మీట నొక్కాలి. మళ్ళీ ఎక్కాలి. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూశారు, సర్కస్ వచ్చిందేమోనని."

"ఒక్క పూట కూడా ఓర్చుకోలేదోయ్ మీ అక్క. ఏదైనా అలవాటు కావాలి కదా."

"అలవాటయ్యేలోపు దుంగ నా నెత్తినే పడేది. ఇద్దర్ని పిలిచి మిషను దింపించాను. కష్టపడి కట్టిన గద్దె ఊరికే పోకూడదని ఈయన కుర్చీ ఎక్కించుకున్నారు. అప్పట్నుంచి మా అడితికి సింహాసనం ఉంది, మిషనుకి మాత్రం నేలే."

"అజమాయిషీకి ఎత్తు మంచిదే. ఇక్కణ్ణుంచి అన్నీ కనపడతాయి."

"ఏం కనపడతాయి బావా?"

"అన్నీ. చీల్చిన పేడ్లు ఎంత ఎత్తు పేర్చారు, ఎవరు వస్తున్నారు, మీ అక్క ఏం చేస్తోంది..."

"ఏం చేస్తూ కనపడుతుంది అక్క?"

"ఏముంది. పొద్దుణ్ణుంచీ వంగే ఉంటుంది, నేలమీద ఏదో పారేసుకున్నదానిలా."

"పారేసుకున్నానులెండి."

"ఏమిటి?"

"ఏదోలెండి. దొరికినప్పుడు చెప్తా."

"చూశావుటోయ్, ఇదీ వరస. సూటిగా ఒక్క మాట చెప్పదు."

"సరే బావా, సింహాసనం దిగు. పని చూద్దాం. ఇదిగో టేపు, ఇదిగో సుద్దముక్క. స్టాండు కాళ్ళు ఇప్పుడు కోసేస్తా. కోసేశాక ఇంకాస్త పొడుగు చెయ్యరా అంటే నా వల్ల కాదు. అతుకులేసిన కాళ్ళు ఈ మిషను అదురుకి నిలబడవు. అందుకని ఎత్తెంతో ముందే తేలాలి."

"నాకో ఉపాయం తట్టింది. పైకీ కిందికీ జరిగేలా చెయ్యి. ఎవరికి కావలసినంత వాళ్ళు జరుపుకుంటారు."

"అలా చేస్తే ఊగుతుంది బావా. ఇంత బరువు దుంగ మీద పెట్టి, అంత బలంగా నెట్టేటప్పుడు స్టాండు ఊగితే, దుంగ జారి కాళ్ళమీదికొస్తుంది. దీనికి ఒకటే ఎత్తు, గట్టిగా."

"అయితే ఒకటే ఎత్తు. అందులో ఇబ్బందేముంది?"

"ఇబ్బందేం లేదు. మనిషి నిటారుగా నిలబడితే పట్టె ఇదిగో, ఈ తుంటి ఎముక దగ్గరికి రావాలి. అంతకన్నా కిందుంటే నడుం వంగుతుంది. పైనుంటే బరువు భుజాలమీద పడుతుంది. పెద్ద దుంగల్ని ఎత్తే పని లేకుండా పక్కన ఒక వాలు బల్ల పెడతా, దొర్లించుకోవచ్చు. అంతే. ఇక మనిషిని నిలబెట్టి కొలవడమే మిగిలింది."

"కొలు. నిలబడ్డాను."

"నువ్వెందుకు బావా?"

"మరెవరు?"

"చీల్చేది ఎవరు?"

"మనమే."

"మనమంటే?"

"మనమంటే మనమేనోయ్. ఇంట్లోవాళ్ళం."

"నేనొచ్చేసరికి మిషను దగ్గరున్నది ఎవరు?"

"ఇవాళ నాకు భుజం పట్టేసింది."

"నిన్న?"

"నిన్న బట్టీవాడు వచ్చాడు, మాట్లాడాలా వద్దా?"

"మొన్న?"

"నువ్వు వెల్డరువా పోలీసువా?"

"ఎవరి చేతిలో పని ఉందో వాళ్ళ కొలత కావాలి బావా. అక్కకి చొక్కా కుట్టమని నీ భుజాలు కొలవమంటే ఎలా?"

"సోమవారం నుంచి మిషను దగ్గర నేనే ఉంటానోయ్. మీ అక్కతో ఎప్పుడో చెప్పేశాను. చెప్పానా లేదా?"

"చెప్పారు. ఏ సోమవారమో అదొక్కటే చెప్పలేదు. ఆయన సోమవారం, నీ వచ్చే వారం, రెండూ మాట్లాడుకుని ఒకేసారి బయల్దేరతాయేమోరా."

"నన్నెందుకు కలుపుతావక్కా ఆయనతో?"

"నేనెక్కడ కలిపాను. మీరే ఒక జట్టు."

"చూడవోయ్, అసలు సంగతి చెప్తా. అడితి ముందు బోర్డుమీద పేరు ఎవరిది? నాది. వచ్చేవాళ్ళు ఎవరి అడితి అంటారు? నాదంటారు. రేపు కొత్త స్టాండు పెట్టాక అది మీ అక్క ఎత్తులో ఉందనుకో, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"అక్క చీలుస్తోంది అనుకుంటారు."

"అదే మరి. నా ఎత్తులో ఉంటే?"

"నువ్వు చీలుస్తున్నావు అనుకుంటారు."

"కదా."

"అనుకోవడానికా బావా స్టాండు?"

"మర్యాద అని ఒకటుంటుంది."

"ఆ మర్యాద కోసం మా అక్క మళ్ళీ వంగాలా? సరే, ఒక పని చెయ్యి. సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే ఒక్క దుంగ చీల్చు. ఒక్కటి. చీల్చేశావంటే, టేపు నీకే పెడతా."

"ఎందుకురా ఆయన్ని..."

"నువ్వాగక్కా. రా బావా."

"దానికేముందోయ్. తప్పుకో. ఏదీ, ఈ దుంగ చూడు, సన్నంగా ముచ్చటగా ఉంది."

"అది పేడండీ. చీల్చేసిందే."

"తెలుసులే. చూస్తున్నానంతే. ఇదిగో, ఇది. హబ్బ, తడిగా ఉన్నట్టుంది, బరువు చూడు."

"ఎండుదే."

"ఇలా పెట్టి... మీట ఇదేనా?"

"అది ఆపేది బావా."

"ఆపడం ముందు తెలుసుకోవాలోయ్, అందుకే అడిగా. ఇదీ నడిపేది. ఆఁ, కదులుతోంది. కదిలింది, చూశారా?"

"చెయ్యి తియ్యి బావా, దుంగమీంచి చెయ్యి తియ్యి."

"తీస్తే దొర్లదూ?"

"దొర్లదండీ, పట్టె మధ్యలో పెడితే దొర్లదు. పక్కనించి తోసినట్టు పెట్టారు. మీట వదిలెయ్యండి. ఆఁ. ఇప్పుడు వంగి మధ్యకి జరపండి. ఇంకా. ముడి ఉన్న వైపు అవతలికి తిప్పండి, ముడిమీద మొన ఆనితే బిగుసుకుంటుంది. అలా. ఇప్పుడు నొక్కండి."

"చీలింది. చీలిందోయ్. ఎవరన్నారు నాకు రాదని?"

"ఎవరూ అనలేదు బావా. లే మరి."

"లేస్తా."

"లే."

"లేస్తానోయ్. ఒక్క క్షణం. అమ్మో."

"ఏమైంది?"

"నడుం. ఇక్కడ. పట్టేసింది. పైకి రావట్లేదు."

"ఒక్క దుంగకా?"

"నవ్వుతావేమిటోయ్, మనిషి చచ్చిపోతుంటే."

"ఒక్కసారే లేవకండి. నే చెప్పినట్టు చెయ్యండి. రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకోండి. పెట్టారా? ఇప్పుడు ఊపిరి పట్టకండి, వదిలేస్తూ ఒక చెయ్యి తొడమీదికి పాకించండి. తర్వాత రెండో చెయ్యి. నడుంతో లేవద్దు, చేతుల్తో లేవండి. ఎదురుగా ఏదన్నా పట్టుకోండి. ఆ స్తంభం పట్టుకోండి. మెల్లిగా. వచ్చేశారు. చెయ్యందించరా ఆయనకి, చూస్తావేం."

"నీకెలా తెలుసక్కా ఇదంతా?"

"తెలుస్తుందిలేరా."

"డాక్టరు చెప్పాడా?"

"ఏ డాక్టరు? నాకు డాక్టరు దాకా వెళ్ళే తీరికెక్కడిది. రోజూ లేస్తున్నానుగా, లేవడం అదే వచ్చింది."

"అబ్బబ్బ. చూశావుటోయ్? ఇప్పుడు అర్థమైందా నా ఎత్తుకే ఎందుకు పెట్టాలో?"

"ఎందుకు?"

"నడుం పట్టేసింది ఎవరికి? నాకు. నొప్పున్నవాడికి కదా సౌకర్యం."

"బావా, ఒక్క దుంగకే నీకిలా ఉంటే, గొడ్డలి రోజుల్నుంచీ ఈ పెరట్లో కట్టెలు కొడుతున్న అక్కకి ఎలా ఉండాలి?"

"మీ అక్క సంగతి వేరు. ఆవిడది గట్టి పిండం. ఏనాడూ నొప్పి అన్న మాట నేను వినలేదు."

"వినాలంటే మిషను ఆగాలి కదండీ."

"ఏమన్నావు?"

"ఏమీ అన్లేదు. వాడిన తమలపాకులా ఉన్నారు, కాస్త కూర్చోండి అన్నా."

"సరే, పోట్లాట వద్దు. పెద్దమనిషి తరహాగా తేల్చేద్దాం. నా కొలతా తీసుకో, ఆవిడ కొలతా తీసుకో. రెండూ కలిపి సగం చెయ్యి."

"అప్పుడు ఇద్దరికీ సరిపోదు బావా. నువ్వు ఎలాగూ చెయ్యవు కాబట్టి నీకేం కాదు. ఆమెకి మాత్రం వంగడం తప్పదు. అక్క నీకన్నా పొడుగు."

"ఎవరు పొడుగు?"

"అక్క."

"ఎవరన్నారు?"

"ఎవరో అనడమేంటి? పెళ్ళిలో ఫొటోగ్రాఫరు నీ కాళ్ళకింద పీట వేయించలేదూ?"

"ఇదిగో, ఇదే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళైన దగ్గర్నుంచీ మీ ఇంటిల్లిపాదికీ అదొక్క పీటే దొరికింది. ఆ ఫొటోగ్రాఫరు అందరు పెళ్ళికొడుకులకీ వేస్తాడోయ్. అది వాడి పద్ధతి."

"అందరికీ వేసేవాడైతే నాకెందుకు వెయ్యలేదండీ?"

"నువ్వు పెళ్ళికొడుకువా?"

"కాదులెండి. వంగోమ్మా అని మాత్రం నాకు చెప్పాడు. అంత బాగా గుర్తుంది."

"అదిగో బావా. పీట వేసినా చాల్లేదన్నమాట."

"నవ్వండి. అక్కా తమ్ముళ్ళు కలిసి బాగా నవ్వండి. మీ అమ్మ నవ్వింది, మీ మేనత్త నవ్వింది, పందిట్లో భజంత్రీలు నవ్వారు. ఇన్నేళ్ళొచ్చాక వెల్డింగుకొచ్చి నువ్వూ నవ్వు."

"లేకపోతే ఏంటి బావా. మా ఇంట్లో నిచ్చెన కొనే పని లేకుండా పెరిగింది మా అక్క. అటకమీద డబ్బాలన్నీ ఆమే దించేది. నన్ను భుజాలమీద కూర్చోబెట్టుకుని జామకాయలు కోయించేది. వీధిలో పిల్లలంతా తాటిచెట్టక్క అని ఏడిపిస్తే, తల ఇంకాస్త ఎత్తుకుని నడిచేది కానీ వంచేది కాదు. ఆ మనిషికి నీ ఎత్తున స్టాండు పెడితే అది స్టాండా?"

"పోనీలేరా. ఆయన ఎత్తుకే పెట్టెయ్యి."

"అదేంటక్కా?"

"పెట్టెయ్యమంటున్నాగా. నాకు సరిపోతుంది."

"ఎలా సరిపోతుంది? ఆయనకన్నా నువ్వు జానెడు పొడుగు."

"జానెడు కాదోయ్. మహా అయితే బెత్తెడు."

"అంటే ఒప్పుకున్నట్టేగా బావా."

"ఒప్పుకోలేదు. జానెడు కాదన్నానంతే."

"చెప్పక్కా, ఎలా సరిపోతుంది? పోనీ, పోనీ. ఎప్పుడూ పోనీయేనా? గద్దె కడితే పోనీ, కుర్చీ ఎక్కితే పోనీ. ఇప్పుడు నడుం కూడా పోనీయేనా? నేను ఇంత దూరం ఇనుము మోసుకొచ్చింది ఆయన మర్యాదకి కాళ్ళు పెట్టడానికి కాదు."

"అరవకురా. నా మాట విని ఆయన కొలతే తీసుకో. ఇంకా మాట్లాడితే, దానికన్నా కాస్త తగ్గించినా నష్టం లేదు."

"తగ్గించడమా? నీకేమైనా మతిపోయిందా? లే. నిలబడు. నీ తుంటి దాకా కొలుస్తా, గీత పెడతా, కోస్తా. అంతే."

"ఇప్పుడు కాదురా. కాలు తిమ్మిరెక్కింది."

"దులుపుకో."

"చీర నిండా పొట్టు. నీ టేపు పాడవుతుంది."

"ఇనప టేపు పొట్టుకి పాడవుతుందా?"

"బట్టీవాడు వచ్చే వేళైంది. ఈ పేడ్లన్నీ పేర్చాలి."

"పేర్చడానికి నేను సాయం చేస్తా. నువ్వు లే."

"చిన్నప్పటి లెక్క నీకు తెలుసుగా. అది వేసుకో."

"నేను దర్జీని కాదు పాత జాకెట్టు చూసి కుట్టడానికి. మనిషి కావాలి."

"భయపడుతోందోయ్."

"ఎవరు?"

"మీ అక్క. పక్కన నిలబడితే తేలిపోతుందని భయం. నేనే పొడుగని తేలిపోతే ఇన్నేళ్ళ మీ నవ్వులన్నీ ఏం కావాలి?"

"మీకన్నా పొట్టి కావాలంటే మాటలా అండీ."

"మాటలెందుకు, చేతల్లో తేల్చేద్దాం. ఇదిగో ఈ స్తంభం దగ్గరికి రా. వీపుకి వీపు ఆనించి నిలబడదాం. వీడు సుద్దతో గీస్తాడు. ఎవరి గీత పైనుంటే స్టాండు వాళ్ళది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకో అక్కా. ఒక్క నిమిషం. ఆ గీత చూశాక ఆయన నోరు మూతపడుతుంది, నేను హాయిగా ఇనుము కోసుకుంటా."

"వద్దురా."

"నా మీద ఒట్టు."

"ఒట్లెందుకు వేస్తావురా ఇంత చిన్నదానికి. సరే. నువ్వు అటు తిరిగి నీ సామాను సర్దుకుంటూ ఉండు, నేను లేచి వస్తా."

"అటు తిరగడమెందుకు?"

"తిరగరా. నన్ను నా మానాన లేవనీ."

"ఏమిటో. సరే, తిరిగా. బావా, చెప్పులు విప్పు."

"చెప్పులెందుకోయ్?"

"నీ చెప్పులకి మడమ ఉంది."

"కొంచెమేగా."

"విప్పు."

"విప్పాను. చూశావా, ఎంత న్యాయంగా ఉన్నానో. నడుం నొప్పితో కూడా ఎలా నిలబడ్డానో చూడు, జెండా కర్రలా."

"వచ్చావా అక్కా?"

"వచ్చా."

"ఇద్దరూ కదలకండి. బావా, మడమలు దించు."

"దించే ఉన్నా."

"దించు బావా, కాళ్ళకింద వెలుతురు కనపడుతోంది."

"ఇదిగో. దించాను. గియ్యి. ఆఁ, గీశావా? పలకవేం? నీ చెయ్యి నా నెత్తిమీద పెట్టి అటు జరుపు, ఎక్కడ తగులుతుందో చూద్దాం. తగల్లేదు కదూ? తగల్లేదోయ్. నేను చెప్పలేదూ? నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఆ ఫొటోగ్రాఫరు అందరికీ పీట వేస్తాడని చెప్తూనే ఉన్నా. ఒక్కరు నమ్మారా? పిలవండి మీ మేనత్తని. బెత్తెడు కాదు, జానెడు ఎక్కువే ఉన్నట్టున్నాను."

"ఆగు బావా."

"ఎందుకాగాలోయ్? ఎన్నేళ్ళు ఆగాను."

"ఆగమంటున్నాగా. అక్కా, ఆటలాడకు. ఆయన్ని గెలిపించడానికి ఇలా చేస్తున్నావు కదూ?"

"ఆటలేం లేవురా."

"మరి ముందుకి వంగావేం? ఇక్కడ దుంగ లేదు, మిషను లేదు. తల ఎత్తు."

"తల ఎత్తే ఉంది."

"తల కాదు, వీపు. వీపు వెనక్కి. బావ వీపుకి ఆనించు."

"ఆనదురా."

"ఎందుకానదు? నా చేతిమీద బరువు వెయ్యి, నేను పట్టుకుంటా. ఇటు... ఇంకాస్త..."

"నొక్కకు. నొక్కితే వచ్చేది కాదు."

"బావా, నవ్వకు."

"నవ్వట్లేదోయ్."

"అక్కా, ఒక్కసారి. నాకోసం. నిటారుగా నిలబడక్కా."

"నిటారుగానే నిలబడ్డానురా. కొలుచుకో."